మైనస్ 36 డిగ్రీల్లో మా వరిచేను బుడగలు

డెన్వర్ పక్కన లేక్‌వుడ్‌లో ఐస్ కోర్ ఫెసిలిటీ అని ఒకటుంది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ది. గ్రీన్‌లాండ్‌లో, అంటార్కిటికాలో బోరు వేసి తీసిన మంచు కడ్డీల్ని దాచే కోల్డ్ స్టోరేజీ అన్నమాట. ఆరేళ్లుగా అరగంట దూరంలో ఉంటున్నా, మా వాడి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని మొన్ననే వెళ్లొచ్చాం. పిల్లలున్న మనవాళ్లు తప్పకుండా వెళ్లాలని రాస్తున్నాను.

నేరుగా వెళ్తే కుదరదు, టూర్ ముందే మాట్లాడుకోవాలి. అది ఫెడరల్ సెంటర్ ఆవరణ కాబట్టి గేటు దగ్గర ఫొటో ఐడీ అడుగుతారు. మంచు దాచే గది మైనస్ 36 డిగ్రీలు, కోసి పరీక్షించే గది మైనస్ 24. "ఎంత చలికైనా ఆగుతాయి" అని ఒక షాపువాళ్లు అంటగట్టిన గ్లౌజులు వేసుకెళ్తే పది నిమిషాల్లో నా వేళ్లు తిమ్మిరెక్కాయి. తిరిగి ఇస్తే తీసుకోలేదు కూడా. మీరు మాత్రం లోపల ఉన్ని గ్లౌజులు, పైన ఇంకో జత వేసుకోండి.

లోపల వెండిరంగు గొట్టాలు అరల నిండా పేర్చి ఉంటాయి. ఒక్కో గొట్టంలో మీటరు పొడవు మంచు. మాకు రెండు ముక్కలు చూపించారు. పైపొరల్లోంచి తీసినది పాలలా తెల్లగా ఉంది. లైటుకి పట్టి చూస్తే అదంతా ఆవగింజ కన్నా చిన్న బుడగలు! లోతుల్లోంచి తీసినది అద్దంలా ఉంది. "ఇందులో గాలి లేదా?" అన్నాడు మా వాడు. ఉందట. పైనున్న బరువుకి గాలి మంచు స్ఫటికాల్లోకే ఇంకిపోతుందని చెప్పారు.

మంచులో చిక్కుకున్న వేల ఏళ్ల కిందటి ఆ గాలిలోనే నేను వెతుక్కున్న కథ ఉంది. మాది పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు దమ్ము చేసిన చేలో కాలు దిగేస్తే బుడబుడమని బుడగలు లేచేవి. అది మీథేన్ అని కాలేజీకొచ్చాక తెలిసింది. నీళ్లు నిలిచి గాలాడని బురదలో సూక్ష్మజీవులు చేసే, భూమిని వేడెక్కించే వాయువు. చిత్తడి నేలలన్నీ చేసే పని అదే. ఎండ, నీళ్లు పెరిగితే ఆ బురద ఇంకా జోరుగా పనిచేస్తుంది.

మంచుయుగంలో గ్రీన్‌లాండ్ పాతికసార్లు ఉన్నట్టుండి వేడెక్కింది. మంచుయుగం ముగింపులో, సుమారు 11,700 ఏళ్ల కిందట, కొన్ని దశాబ్దాల్లోనే పది డిగ్రీల దాకా పెరిగింది. గాలిలో మీథేన్ వంద కోట్ల భాగాలకు 500 ఉన్నది, రెండు శతాబ్దాల్లోపే 700 దాటింది. మరి వేడి ముందా, మీథేన్ ముందా? ఇక్కడ ఒక చిక్కుంది. పైన మంచు వదులుగా ఉన్నంతకాలం గాలి లోపలికి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బుడగలో గాలి వయసు దాని చుట్టూ ఉన్న మంచు కన్నా తక్కువ. అందుకని శాస్త్రవేత్తలు అదే బుడగలోని నైట్రోజన్‌ని పట్టుకున్నారు. ఆ నైట్రోజన్‌లో వేడెక్కిన గుర్తు, పక్కనే మీథేన్ పెరిగిన గుర్తు, రెండూ ఒకే గాలిలో దొరికాయి. ముందు వేడి, ఆ తర్వాత ముప్పై ఏళ్లలోపే మీథేన్ పెరగడం మొదలైంది. ఈ మాట విన్నప్పుడు నాకు చలి గుర్తులేదు.

మరి ఆ మీథేన్ ఎక్కడిది? సముద్రం అడుగున గడ్డకట్టిన మీథేన్ ఒక్కసారి బయటపడిందని ఒకప్పుడు గట్టిగా వాదించారు. అదే నిజమైతే అది పాత కార్బన్, అందులో రేడియోకార్బన్ (కాలం గడిచేకొద్దీ తరిగిపోయే కార్బన్ రకం) ఉండకూడదు. అంటార్కిటికాలోని టేలర్ గ్లేసియర్‌లో ఒక్కో నమూనాకి టన్ను మంచు కరిగించి చూశారు. ఆ మీథేన్‌లో అప్పటి తాజా కార్బనే ఉంది. అంటే ఎక్కువ భాగం చిత్తడి నేలలదే. వానల పట్టీ ఉత్తరానికి జరిగి, మన రుతుపవనాలు కూడా బలపడిన కాలం అది.

ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. ఇక్కడ దాచిన అంటార్కిటికా కడ్డీల్లో వెస్ట్ అంటార్కిటికాది 3,405 మీటర్లు. ఉత్తరాన చలి ముదిరిన కొన్ని సమయాల్లో కూడా మీథేన్ హఠాత్తుగా పెరిగినట్టు అందులో తేలింది. వానలు దక్షిణానికి జరిగి అక్కడి చిత్తడి నేలలు తడిశాయని శాస్త్రవేత్తల వివరణ. అంటే థర్మామీటరు ఒక్కటే చూస్తే చాలదు, వాన ఎక్కడ పడిందో కూడా చూడాలి. ఇప్పుడు గాలిలో మీథేన్ వంద కోట్ల భాగాలకు 1,900 దాటింది. అందులో చాలావరకు మన పశువులు, గ్యాసు, చెత్త, వరిచేలదే. పైగా వేడెక్కుతున్న చిత్తడి నేలలు తమ వంతు కూడా కలపకుండా ఉండవు. నాకు నిజంగా భయమేసింది.

మీథేన్ కొలిచే పని మాత్రం యూనివర్సిటీ ల్యాబుల్లో జరుగుతుంది, ఇక్కడ దాచడం, కోయడమే. ఆ యంత్రాలు చూద్దామని వెళ్లకండి. మంచుని దగ్గరగా చూడటానికే వెళ్లండి.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో బుడగల ఫొటో చూపించాను. "మన సార్వా చేలో బుడగలే కదమ్మా ఇవి" అన్నారు. ఈ డిసెంబరులో వస్తున్నారు. ఆయనకి మంకీ క్యాపు, రెండు జతల గ్లౌజులు ఇప్పుడే తీసిపెట్టాను.