చైన్ కట్టర్, క్విక్ లింకు: నాలుగేళ్లు వాడాక

భీమిలి నుంచి సైకిల్ మీద తిరిగొస్తూ తొట్లకొండ ఎత్తు దగ్గర చైన్ తెంపుకున్నాను. తప్పు నాదే. పెడల్ మీద లేచి నిలబడి తొక్కుతూ, ఆ బరువులోనే గేరు మార్చాను. టప్‌మంది. కాలు జారి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనక్కి చూస్తే చైన్ రోడ్డు మీద ఉంది.

నెట్టుకుంటూ వెళ్తే ఒక పంచర్ షాపు దొరికింది. ఆయన ఊడిన పిన్నునే మళ్లీ దూర్చి, రాయి మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. గేర్లు లేని మామూలు సైకిళ్లకి ఆ వైద్యం నడుస్తుంది, వాటి చైన్ మందం. నాది వెనక ఎనిమిది గేర్లది. దెబ్బ తిన్న లింకు బిగుసుకుపోయి, వెనక పళ్ల చక్రం మీదికి వచ్చినప్పుడల్లా కటక్కుమని ఎగిరేది. పది రోజులకి అక్కడే మళ్లీ ఊడింది. ఒకసారి బయటికొచ్చిన పిన్నుకి ఫ్యాక్టరీలో ఇచ్చిన పట్టు ఉండదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతే చైన్ పిన్నుని బయటికి నెట్టే చైన్ కట్టరూ, తెగిన కొసల్ని కలిపే క్విక్ లింకులు రెండు జతలూ కొన్నాను. రెండిట్లో అసలైన పనిమంతురాలు లింకే. అరచేతిలో రెండు చిన్న రేకులు, ఒక్కో దానికి ఒక్కో పిన్ను. చైన్ రెండు కొసల్లోకీ చెరో వైపు నుంచి దూర్చి, పక్కకి లాగితే గాడిలో పడతాయి. పెడల్ వెనక్కి తిప్పి ఆ లింకుని పైవరసలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ మీద కాలితో నొక్కాలి. టక్‌మని కూర్చుంటుంది. ఆ శబ్దం వినకుండా నేను ఎక్కను. కొనేటప్పుడు వెనక గేర్ల లెక్క చూసుకోండి: ఎనిమిదికీ తొమ్మిదికీ లింకు వేరు.

కట్టర్ పని పాడైన ముక్కని తీసేయడం. ఇక్కడో చిన్న లెక్క ఉంది. చైన్‌లో బయటి రేకుల జత, లోపలి రేకుల జత ఒకటి విడిచి ఒకటి వస్తాయి. బయటి రేకు పోతే దాన్ని తీసేసి ఆ జాగాలో క్విక్ లింకు వేస్తే చాలు, పొడవు తగ్గదు. లోపలి రేకు వంకరపోతే మాత్రం దానికి అటూ ఇటూ ఉన్న బయటి రేకుల్ని కూడా తీయాలి. అప్పుడు చైన్ ఒక అంగుళం పొట్టిదవుతుంది. నాకు రెండోసారి అదే అయింది. ఇల్లు చేరేదాకా ముందు పెద్ద పళ్ల చక్రం, వెనక పెద్ద పళ్ల చక్రం కలిపి వేయకుండా జాగ్రత్తపడ్డాను. వేస్తే పొట్టి చైన్‌కి డీరైలర్, అంటే గేర్లు మార్చే వెనక పరికరం, లాక్కుపోతుంది.

మొదట కొన్న కట్టర్ చవకది. మూడో వాడకానికే పిన్నుని నెట్టే దాని ములుకు వంగింది. రెండోది కొంచెం ఖరీదు, పిడి లోపల విడి ములుకు దాచి ఉంటుంది. దీనితోనైనా తొందర పనికిరాదు. ములుకు సరిగ్గా పిన్ను నడినెత్తి మీద ఆనిందో లేదో వంగి చూసి, అప్పుడు తిప్పాలి. మొదట గట్టిగా ఉంటుంది, ఒక్కసారి 'కిచ్' అని వదులుతుంది, తర్వాత వెన్నలా పోతుంది.

లింకు ఊడదీయడానికి మాత్రం వేళ్లు చాలవు. ఇంట్లో దానికని వేరే పట్టకారు ఉంది. దారిలో అయితే బూటు లేసుని లింకుకి అటూ ఇటూ చుట్టి రెండు కొసలూ ఎదురెదురుగా లాగుతాను.

నాలుగేళ్లలో మూడు చైన్లు మార్చాను. విశాఖ ఉప్పుగాలికి రాత్రి తుడవకపోతే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు. చైన్ సాగిందంటాం గానీ ఇనుము సాగదు, పిన్నులూ వాటి రంధ్రాలూ అరుగుతాయి. కొలవడానికి నాకు స్కేలు చాలు. కొత్త చైన్‌లో ఒక పిన్ను సున్నా మీద పెడితే, దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు జరిగితే కొత్తది తెస్తాను. మొదటి చైన్‌ని రెండు వీసాలు దాటేదాకా లాగాను. దాంతో పాటు వెనక పళ్ల చక్రాలన్నీ మార్చాల్సొచ్చింది. ఆ ఖర్చుతో ఇంకో మూడు చైన్లు వచ్చేవి.

ఈ మధ్యే పిడిలోని విడి ములుకు కూడా వాడేశాను. ఇక్కడ రెండు షాపుల్లో అడిగితే ములుకు విడిగా రాదు, కట్టర్ మొత్తం కొనమన్నారు. ఆన్‌లైన్‌లో రెండు తెప్పించి, ఒకటి సీటు కింది సంచిలో పడేశాను.