ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు: ఏళ్ల తరబడి వాడాక

నేను కాటన్ గుడ్డ ప్యాడ్లకు మారింది పర్యావరణం కోసమేమీ కాదు. ఎండాకాలంలో మామూలు ప్యాడ్ పైపొరకు చెమట తోడై తొడల దగ్గర ఒరుసుకుపోయేది. పీరియడ్స్ అయిపోయాక కూడా ఆ మంట తగ్గేది కాదు. ఇప్పుడు ఆ బాధ లేదు. దీనికి మాత్రం పూర్తి మార్కులు.

పీల్చుకోవడంలో మామూలు ప్యాడ్‌దే పైచేయి. అందులో తడిని జెల్‌గా మార్చే పదార్థం ఉంటుంది కాబట్టి పైన పొడిగా ఉంటుంది. గుడ్డదైతే తడి తెలిసిపోతుంది, ఫ్లో ఎక్కువున్న రోజుల్లో నాలుగు గంటలకోసారి మార్చాల్సిందే. (పొడిగానే ఉంది కదా అని మామూలు ప్యాడ్‌నైనా రోజంతా ఉంచుకోకూడదు లెండి.) గుడ్డ ప్యాడ్‌కు జిగురు ఉండదు కాబట్టి ప్యాంటీ వదులుగా ఉంటే వెనక్కి జరిగిపోతుంది.

తీయగానే చన్నీళ్లలో నానబెడతాను. వేడినీళ్లు పోస్తే రక్తం మరక గుడ్డకు పట్టేస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి, మామూలు సబ్బుతో ఉతికితే చాలు. బట్టలు మెత్తబడే లిక్విడ్ వేస్తే పీల్చుకునే గుణం తగ్గుతుంది.

అసలు తంటా ఆరబెట్టడంతోనే. పైకి ఆరినట్టే ఉంటుంది, మధ్యలో వేలితో నొక్కితే చల్లగా తగులుతుంది. అలాగే మడిచి దాస్తే ముక్కవాసన, ఆపైన దురద. మా అత్తయ్య మొదట్లో "అందరికీ కనబడేలా ఏంటమ్మా, చీర కింద వెయ్యి" అనేవారు. చీర కింద వేస్తే సాయంత్రానికీ చెమ్మ పోదు. అందుకే బనీన్ల పక్కనే, ఎండ తగిలేలా క్లిప్పు పెట్టి ఆరేస్తున్నాను. ఇప్పుడు వాన చినుకు పడితే ముందు వాటినే లోపలికి తెచ్చేది ఆవిడే.

ముసురు పట్టిన రోజుల్లో, ప్రయాణాల్లో మాత్రం మొండికెయ్యను. జన ఔషధి షాపులో రూపాయికొకటి దొరికే సువిధ ప్యాడ్లు ఇంట్లో ఉంచుకుంటాను. 2018 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఎత్తేసినా, పెద్ద బ్రాండ్లవి నెలనెలా కొనాలంటే ఖర్చే.

హాస్టల్లో ఉంటూ, ఎండ తగిలే దండెం లేనివాళ్లు వీటి జోలికి వెళ్లకపోవడమే మేలు. మిగతావాళ్లు సెట్ మొత్తం కొనకుండా ముందు ఒకటి తెచ్చుకుని, ఇంట్లో ఉన్న రోజున వాడి చూడండి. మరక కనబడదని నల్లవి అంటగడతారు, తీసుకోకండి. శుభ్రంగా ఉతికామో లేదో లేతరంగు మీదే తెలుస్తుంది.