సూత్రంతో లెక్కా? ఏజెంట్లతో ఆటా?

స్పెక్ట్రమ్ (అంటే మొబైల్ సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాలు) మార్కెట్‌లో పోటీ పెరిగితే రీచార్జి ధర ఏమవుతుందో కంప్యూటర్‌లో చూడటానికి నేను వాడేవి రెండు పద్ధతులు.

ఒకటి ఫ్రెంచ్ ఆర్థికవేత్త కూర్నో సూత్రం, 1838 నాటిది. ఎంత సరుకు దించాలో కంపెనీలు తేల్చుకుంటాయి, ధరను మార్కెట్ తేలుస్తుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. రీచార్జి 300 రూపాయలైతే ఎవరూ కొనరు, కనెక్షన్‌కి ఖర్చు 60, ధరతో పాటు గిరాకీ సరళరేఖలో మారుతుంది అనుకోండి. రెండు కంపెనీలుంటే ధర 140, మూడైతే 120, నాలుగైతే 108. కాగితం మీదే అయిపోతుంది.

రెండోది ఏజెంట్ పద్ధతి. ప్రతి కస్టమరూ, ప్రతి కంపెనీ ఒక్కో చిన్న ప్రోగ్రామ్. కనుమ నాడు కోనసీమలో జనం కిక్కిరిసే జగ్గన్నతోట ప్రభల తీర్థం ఊహించుకోండి. మామూలు రోజుల్లో సరిపోయే స్పెక్ట్రమ్ ఆ మధ్యాహ్నం చాలదు, వీడియో కాల్ కదలదు. సగటు గిరాకీతో నడిచే సూత్రానికి ఆ రోజు కనపడనే కనపడదు. ఏజెంట్లు మాత్రం విసుగొచ్చి పక్క నెట్‌వర్క్‌కి మారిపోతారు. ఇంకాస్త స్పెక్ట్రమ్ కొనాలా, టవర్లు పెంచాలా అని కంపెనీకి టెన్షన్ మొదలవుతుంది. చిక్కేంటంటే, నడిపిన ప్రతిసారీ జవాబు కాస్త మారుతుంది. వందలసార్లు నడిపితే గానీ నమ్మలేం.

ఈ ఆటలో ప్రభుత్వ స్పెక్ట్రమ్ వేలాన్ని కూడా కలిపితే, కంపెనీలకి ‘కొనను’ అనే దారి కూడా ఉంచాలి. మన దేశంలో 2016లో 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌కి ఒక్క బిడ్డూ రాలేదు. కనీస ధర బాగా తగ్గించాక, 2022లో అమ్ముడైంది.

నా ఓటు ఏజెంట్లకే, కానీ సూత్రం తర్వాతే. తీర్థం జనాన్ని తీసేసి, అవే షరతులతో మూడు కంపెనీలను నడిపినా ధర 120 దరిదాపుల్లోకి రాలేదంటే, ముందు ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతాను.