2024లో స్కిప్ కొట్టబుద్ధి కాని పాప్, రాక్ ఆల్బమ్స్ (బెంగళూరు ట్రాఫిక్‌లో తేల్చిన లిస్టు)

ముందే చెప్తున్నా, ఇది క్రిటిక్స్ లిస్టు కాదు. నేను పెట్టుకున్నది ఒకే ఒక్క రూలు, ఆల్బమ్‌ని వరసలో మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా వింటుంటే మధ్యలో చెయ్యి ఫోన్ మీదకి పోకూడదు. రెండు సింగిల్స్ (ఆల్బమ్‌తో కాకుండా విడిగా వదిలే పాటలు) అదిరిపోయి మిగతాదంతా నింపుడు సరుకు అయితే అది ఎంత పెద్ద స్టార్‌దైనా ఇక్కడ కనపడదు. ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకి ఈ పరీక్ష పెట్టడం చాలా తేలిక, సాయంత్రం ఆరున్నరకి మారతహళ్లిలో క్యాబ్ ఎక్కి సిల్క్ బోర్డు వైపు బయల్దేరితే ఒక ఆల్బమ్ మొత్తం అయిపోతుంది, వాన పడితే రెండోది కూడా. అందుకేనేమో 2024లో నాకు బాగా ఎక్కినవన్నీ అరగంటకీ యాభై నిమిషాలకీ మధ్యలో ఉన్నవే. నిడివి పెంచితే ఎక్కువ ఇచ్చినట్టు అనుకునే ఆర్టిస్టులకి ఎవరైనా ఈ మాట చేరవేస్తే బాగుండు.

ఫస్ట్ ప్లేస్ అమెరికన్ పాప్ సింగర్ బిల్లీ ఐలిష్‌ది, 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్'. ఇందులో డిస్కషన్ లేదు. మే 17న వచ్చింది, పదే పాటలు, 43 నిమిషాల చిల్లర. రిలీజ్‌కి ముందు ఒక్క సింగిల్ కూడా వదల్లేదు. మన సినిమాలకేమో మూడు నెలల ముందు నుంచే ప్రోమో, ప్రోమోకి గ్లింప్స్, తర్వాత లిరికల్ వీడియో అని వదిలి వదిలి ఆల్బమ్ బయటికొచ్చేసరికి కొత్తగా వినడానికి ఏమీ మిగలదు, అలాంటి కాలంలో ఇదిగో మొత్తం ఒకేసారి వినండి అనడం ధైర్యమే. ఎప్పట్లాగే ప్రొడ్యూసర్ వాళ్ళన్నయ్య ఫినియాస్, ఈసారి అటాకా క్వార్టెట్ అనే నలుగురు వాయించే స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగవాద్యాలు) కూడా తోడయ్యాయి.

'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' గురించి నేను చెప్పక్కర్లేదు, పెళ్ళి రీల్స్‌లో వాయించి వాయించి దాని పని అయిపోగొట్టారు. నేను చెప్పాలనుకున్నది 'ద గ్రేటెస్ట్' గురించి. రెండు నిమిషాల పైన ఆ అమ్మాయి దాదాపు గొణుగుతూనే ఉంటుంది, వెనక గిటార్ కూడా అంతే, పక్కోళ్ళకి వినపడకూడదన్నట్టు. సరే ఇంతేలే అనుకుంటాం. అప్పుడు డ్రమ్స్ వచ్చి పడతాయి, ఎలక్ట్రిక్ గిటార్ లేస్తుంది, బిల్లీ గొంతు పూర్తిగా తెరిచి పాడుతుంది, ఈ అమ్మాయికి గుసగుస తప్ప ఏమీ రాదు అని ఇన్నేళ్ళు అన్నవాళ్ళందరికీ అక్కడే సమాధానం. దాని తర్వాత వచ్చే 'లామూర్ ద మా వీ' ఇంకో రకం, సగం దాకా హోటల్ లాబీలో వాయించే జాజ్ లాగా మెల్లగా నడిచి ఉన్నట్టుండి డాన్స్ ఫ్లోర్ మీదకి దూకేస్తుంది, టెంపో, గొంతు, మూడ్ అన్నీ మారిపోతాయి. మనకి చరణం మధ్యలో బీట్ మారడం కొత్తేం కాదు కానీ ఇక్కడ మళ్ళీ పల్లవికి తిరిగి రావడం ఉండదు, వెళ్ళిపోవడమే. ఆఖర్న 'బ్లూ', ఎప్పుడో రాసి పక్కన పెట్టిన రెండు పాటల్ని కలిపి కుట్టింది, కుట్టు ఎక్కడుందో మాత్రం దొరకదు.

ఒక్క కంప్లైంట్ ఉంది. చాలా చోట్ల గొంతు మరీ కింద పెట్టి మిక్స్ చేశారు, బీఎంటీసీ బస్సులో వెయ్యి రూపాయల బడ్స్ పెట్టుకుని వింటే 'స్కిన్నీ' మొదటి నిమిషం హారన్లే వినపడతాయి. రాత్రి ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి, ఇదే పాటా అనిపిస్తుంది.

ఇక అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్. మన తెలుగోళ్ళకి ఈ బ్యాండ్‌తో ఉన్న లెక్క వేరు. 2000లో 'హైబ్రిడ్ థియరీ', 2003లో 'మెటియోరా', ఆ రెండూ మన బీటెక్ హాస్టల్స్‌లో ప్రతి కంప్యూటర్‌లో ఉండేవి, ఇంగ్లిష్ పాటలు అసలు వినను అనేవాడి పెన్‌డ్రైవ్‌లో కూడా దేవిశ్రీ ఫోల్డర్ పక్కన వీళ్ళ 'నంబ్' పాట ఉండేది. 2017 జూలైలో వీళ్ళ సింగర్ చెస్టర్ బెన్నింగ్టన్ చనిపోయాక ఇంక ఇంతే అనుకున్నాం. ఏడేళ్ళ తర్వాత 2024 సెప్టెంబర్‌లో డెడ్ సారా బ్యాండ్ సింగర్ ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని తీసుకుని తిరిగొచ్చారు, నవంబర్ 15న 'ఫ్రమ్ జీరో' దించారు. పేరు కూడా ఊరికే పెట్టలేదు, మొదట్లో బ్యాండ్ పేరే జీరో.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఉండే నా గుంటూరు ఫ్రెండు అయితే "వద్దు మామా, చెస్టర్ లేకుండా నేను వినను, నా ముందు పెట్టకు" అని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆంధ్రా మెస్‌లో గోంగూర కలుపుకుంటుంటే ఒక ఇయర్‌బడ్ వాడి చెవిలో పెట్టా, 'ద ఎంప్టినెస్ మెషీన్'. ఈ పాట అల్లిన తీరు చూడండి. మొదటి చరణం, మొదటి కోరస్ మొత్తం బ్యాండ్‌లో మొదట్నుంచీ ఉన్న మైక్ షినోడానే పాడతాడు, మనకి అలవాటైన గొంతు, భయం లేదు. రెండో చరణంలో గానీ ఎమిలీని దించరు. వచ్చాక చెస్టర్‌ని ఇమిటేట్ చెయ్యదు, గొంతులో ఆ గరుకు ఉంది కానీ అది తనదే. కొత్తావిడని ఫ్యాన్స్‌కి ఎలా పరిచయం చెయ్యాలా అని కూర్చుని ఆలోచించి చేసిన పాట అని తెలిసిపోతుంది. మావాడు మొత్తం విన్నాడు, విని "పాట బానే ఉంది రా, బ్యాండ్ పేరు మార్చుకుంటే పోయేది" అన్నాడు. వాడి బాధ వాడిది, నేనేం వాదించలేదు.

నా మటుకు నాకు ఆల్బమ్ నచ్చింది, 32 నిమిషాలే, పదకొండు ట్రాకులు, అందులో మొదటిది ఇంట్రో ముక్క. 'హెవీ ఈజ్ ద క్రౌన్'లో ఎమిలీ ఊపిరి తీసుకోకుండా పెట్టే ఆ పొడుగాటి అరుపు ఉంది చూశారూ, జిమ్‌లో వింటుంటే చేతిలో డంబెల్ ఉందన్న సంగతి మర్చిపోతాం. 'క్యాజువాల్టీ' అయితే పచ్చి హార్డ్‌కోర్ (అరుపులతో పరుగెత్తే పంక్), వీళ్ళ నుంచి నేను ఊహించలేదు. కాకపోతే మధ్యలో రెండు మూడు పాటలు పాత ఫార్ములానే మళ్ళీ వండి వడ్డించారు, 'స్టెయిన్డ్' ఇంకో బ్యాండ్ చేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అయినా స్కిప్ కొట్టేలోపే పాట అయిపోతుంది కాబట్టి రూల్ పాస్.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ద క్యూర్ గురించి రాయాలంటే కొంచెం ఓపిక కావాలి, వినడానికి కూడా. 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్', నవంబర్ 1న వచ్చింది, 2008 తర్వాత అంటే పదహారేళ్ళకి కొత్త ఆల్బమ్. ఎనిమిది పాటలు, అన్నీ సింగర్ రాబర్ట్ స్మిత్ ఒక్కడే రాసుకున్నాడు. అప్పటికి అరవై అయిదేళ్ళ మనిషి, గొంతు మాత్రం 1980ల్లో ఎలా ఉందో అలాగే ఉంది, ఏం తింటాడో ఏంటో. మొదటి పాట 'అలోన్'లో గొంతు వినపడేసరికి మూడు నిమిషాలు దాటిపోతాయి. మూడు నిమిషాలు! మన దగ్గర పల్లవి రావడానికి అర నిమిషం పడితే ప్రొడ్యూసర్ కట్ చెయ్యమంటాడు. ఆ మూడు నిమిషాలూ ఊరికే పోవు, డ్రమ్స్ బరువుగా, కావాలనే ఆలస్యంగా పడుతుంటాయి, కీబోర్డు మీద పొర మీద పొర పేరుకుంటుంది, మాట మొదలయ్యేసరికి మనం అప్పటికే ఆ మనిషి గదిలో కూర్చుని ఉంటాం.

'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' రాబర్ట్ వాళ్ళన్నయ్య రిచర్డ్ చనిపోయినప్పటి గురించి రాసింది. పియానో మీద చిన్న ట్యూన్ తిరుగుతూ ఉంటుంది, అంతే, ఏడిపించడానికి ప్రయత్నమే చెయ్యడు, అందుకే ఏడిపిస్తుంది. ఇంట్లో ఎవరైనా పోయి ఏడాది తిరగని వాళ్ళు ఇది కాస్త ఆగి వినండి, నిజంగా చెప్తున్నా. ఆఖరి పాట 'ఎండ్‌సాంగ్' పది నిమిషాల పైనే, అందులో సగానికి పైగా మాటల్లేవు, రీవ్స్ గాబ్రెల్స్ గిటార్ (ఒకప్పుడు డేవిడ్ బోవీతో వాయించినాయనే) అలా అరుస్తూ పోతుంది. ఇంత బరువైన ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, 1992లో వచ్చిన 'విష్' తర్వాత వాళ్ళకి మళ్ళీ ఇప్పుడే. జనం చిన్న రీల్స్ తప్ప వినట్లేదు అని చెప్పే మార్కెటింగ్ వాళ్ళు దీనికేమంటారో. పొద్దున్నే ఆఫీసుకెళ్తూ మాత్రం పెట్టకండి, స్టాండప్ కాల్‌లో (టీమంతా రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) మాట రాదు.

పెద్దోళ్ళ టాపిక్ వచ్చింది కాబట్టి పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 'లక్ అండ్ స్ట్రేంజ్' కూడా ఇక్కడే చెప్పేస్తా. మా అపార్ట్‌మెంట్‌లో ఒక నెల్లూరు అంకుల్ ఉన్నారు, పింక్ ఫ్లాయిడ్ అంటే ప్రాణం, "మన గిల్మర్ గారు" అంటారు. 78 ఏళ్ళకి గిల్మర్ గిటార్‌లో ఈ టోన్ ఏంటి అసలు. టైటిల్ సాంగ్‌లో కీబోర్డు 2008లో చనిపోయిన పింక్ ఫ్లాయిడ్ కీబోర్డిస్టు రిచర్డ్ రైట్‌ది, అంతకుముందు ఏడాది గిల్మర్ ఇంటి దగ్గర కొట్టంలో సరదాగా వాయించుకున్న రికార్డింగ్ దాచిపెట్టి దాని మీద పాట కట్టారు. కూతురు రోమనీ పాడిన 'బిట్వీన్ టూ పాయింట్స్' ఆల్బమ్‌లో నాకు ఎక్కువ నచ్చింది, ఆ అమ్మాయి గొంతులో అసలు నటనే ఉండదు. మిగతా పాటల్లో కొన్ని కాస్త నిద్ర తెప్పిస్తాయి, అంకుల్‌కి మాత్రం ఈ మాట చెప్పలేదు.

2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా అనే మెటల్ బ్యాండ్లని చూసిన సీనియర్ బ్యాచ్ ఒకటుంది ఈ ఊళ్ళో, రాత్రి బస్సెక్కి హైదరాబాద్ నుంచి వచ్చి చూసినవాళ్ళు కూడా చాలామందే, వాళ్ళని కదిలిస్తే రాక్ ఎప్పుడో చచ్చిపోయింది అంటారు. వాళ్ళకి ఫాంటెయిన్స్ డీసీ వినిపించండి. డబ్లిన్ కుర్రాళ్ళ రాక్ బ్యాండ్, 'రొమాన్స్' వాళ్ళ నాలుగో ఆల్బమ్, ఆగస్టు 23న వచ్చింది. 'స్టార్‌బర్స్టర్' అనే పాట సింగర్ గ్రియాన్ చాటెన్‌కి లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో పానిక్ అటాక్ వచ్చిన అనుభవంలోంచి పుట్టింది, కోరస్‌లో లైన్ లైన్‌కీ గాలి ఆడనట్టు గట్టిగా ఊపిరి లాగుతాడు, ఆ లాగడమే బీట్ అయిపోతుంది. మెజెస్టిక్ మెట్రోలో లైన్ మారే జనంలో నలుగుతూ ఇది వింటే మామూలుగా ఉండదు. అంత ఊపిరాడని ఆల్బమ్‌ని 'ఫేవరెట్' లాంటి తేటైన గిటార్ పాటతో ముగించారు, అక్కడ పడిపోయా.

బ్రిటిష్ పాప్ సింగర్ చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' లిస్టులోకి రావడం నాకే ఆశ్చర్యం, ఎందుకంటే కోరమంగళ పబ్బుల్లో జూన్ నుంచి వాయించిన వాయింపుకి నాకు విసుగొచ్చేసింది, ఆ కళ్ళు పొడిచే ఆకుపచ్చ కవర్ చూస్తేనే తలనొప్పి. (ఆవిడ వాళ్ళమ్మ ఉగాండాలో పుట్టి పెరిగిన గుజరాతీ, మనోళ్ళు ఇంకా కటౌట్ ఎందుకు పెట్టలేదో!) కానీ వరసలో వింటే సంగతి వేరు. గోలగోల పాటల మధ్యలో 'సో ఐ' వస్తుంది, 2021లో చనిపోయిన ప్రొడ్యూసర్ సోఫీ గురించి, బతికుండగా ఇంకొంచెం దగ్గరగా ఉండాల్సింది అనే బాధ. ఇంకోటి 'ఐ థింక్ అబౌట్ ఇట్ ఆల్ ద టైమ్', పిల్లల్ని కనాలా వద్దా, కంటే కెరీర్ ఏమైపోతుంది అని తనలో తనే లెక్కలేసుకునే పాట. పెళ్ళయిన రెండో నెల నుంచే ఫోన్‌లో "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా" అని అడిగే పిన్నిలున్న ప్రతి అమ్మాయికీ ఈ పాట లిరిక్స్ విడిగా అర్థం చెప్పక్కర్లేదు.

లిస్టులోకి రానివాళ్ళ గురించి రెండు ముక్కలు. టేలర్ స్విఫ్ట్ ఏప్రిల్‌లో పదహారు పాటలిచ్చి, రెండు గంటల తర్వాత ఇంకో పదిహేను దించింది, మొత్తం ముప్పై ఒకటి. అందులో పన్నెండు పాటల అద్భుతమైన ఆల్బమ్ ఒకటి దాక్కుని ఉంది, వెతుక్కునే ఓపిక నాకు లేదు. బియాన్సే 'కౌబాయ్ కార్టర్'ది కూడా అదే జబ్బు, 27 ట్రాకులు, మొదటి సగం మాత్రం సూపర్. కోల్డ్‌ప్లే 'మూన్ మ్యూజిక్' పర్లేదు. వాళ్ళ 2025 జనవరి ముంబై షో టికెట్ల కోసం ఆన్‌లైన్ క్యూలో నిలబడితే నా ముందు లక్షల మంది ఉన్నారని చూపించింది, ఆ మంటలో విన్నాను కాబట్టి నా మాట నమ్మకండి.

కొనాలనుకునేవాళ్ళకి: ఆపిల్ మ్యూజిక్‌లో అదనంగా కట్టకుండానే లాస్‌లెస్ (సౌండ్ క్వాలిటీ తగ్గించని ఫార్మాట్) వస్తుంది, బిల్లీ, క్యూర్ రెండూ అందులో వినండి, తేడా తెలుస్తుంది. లింకిన్ పార్క్, చార్లీకి ఏ యాప్ అయినా ఒకటే. రికార్డు ప్లేయర్ ఉంటే ఇంపోర్ట్ ఎల్పీ మూడు వేలకి తక్కువ రావడం కష్టం, ఆ డబ్బు పెట్టదగ్గది క్యూర్ ఒక్కటే, సగంలో లేచి రికార్డు తిప్పే గ్యాప్ దానికి బాగా కుదురుతుంది. ఆన్‌లైన్‌లో మాత్రం తెప్పించుకోకండి, నాకు ఒక షాపువాళ్ళు పంపింది మూల నలిగి, లోపల స్లీవ్ చిరిగి వచ్చింది, రిటర్న్ అడిగితే డిస్కుకి ఏం కాలేదు కదా సార్ అన్నారు. షాపుకెళ్ళి, కవర్ తీయించి, లైటు కింద పెట్టి చూసుకుని కొనండి.