సైడ్ వీల్స్ బండి మీద శ్రీకాకుళం: 6,910 రూపాయల ఎస్టిమేటు

అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, ముఖలింగం చూసొచ్చాం. అన్నీ బాగున్నాయి. దర్శనాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వేరే సంగతి రాస్తున్నాను. శ్రీకాకుళం టౌనులో ఒక సర్వీస్ సెంటర్లో నా చేతిలో పెట్టిన ఎస్టిమేటు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. నాలాంటి బండి నడిపేవాళ్లకు పనికొస్తుందని ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు బండి గురించి. 110 సీసీ స్కూటరు, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి అదనపు చక్రాలు. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. ఆర్సీలో ఎడాప్టెడ్ వెహికల్ అని రాయించాను, ఇన్సూరెన్సు వాళ్లకూ చెప్పాను. విజయనగరంలో రోజూ ఆఫీసుకి దీని మీదే. ఈసారి వెనక మా ఆవిడ, పక్కన తన బుల్లెట్ మీద మా బావమరిది. స్పీడు వాడు నలభై దాటడు, నేను నలభై దాటలేను అని మా ఆవిడ ముందే ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. సైడ్ వీల్స్ బండి మలుపులో పక్కకు వంగదు, హ్యాండిల్ తిప్పి నడపాల్సిందే. అందుకే స్పీడు మనకి పడదు.

నాతవలస టోల్ గేటు దాకా హాయిగా వచ్చాం. టూ వీలర్లకు ఎలాగూ టోల్ లేదు. అది దాటాక బండి ఎత్తుకునేటప్పుడు వెనక నుంచి ఒక జర్కు మొదలైంది. ఎక్సలేటర్ ఇస్తే లాగినట్టే లాగి వదిలేస్తోంది, మళ్లీ పట్టుకుంటోంది. రణస్థలం దాటేసరికి నాకు టెన్షన్. మా ఆవిడకి మాత్రం సూర్యనారాయణ స్వామి దర్శనం ఆలస్యమవుతుందన్న టెన్షన్.

ఆ రాత్రి లాడ్జి సంగతి. ఫోన్‌లో అడిగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ రూము ఇస్తాం, మెట్లు ఉండవు అన్నారు. రూముకి 1,500. వెళ్లాక చూస్తే గుమ్మం ముందు నాలుగు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగు లేదు, రూమేమో మొదటి అంతస్తులో. లిఫ్టు ఉందా అంటే ఉందన్నారు, పని చేస్తోందా అంటే కుర్రాడు నవ్వాడు. నేను ఊరుకున్నా మా ఆవిడ ఊరుకోలేదు. ఆవిడ గొంతు రెండో అంతస్తు దాకా వినబడ్డాక కౌంటర్ వెనకాల సామాన్లు పెట్టుకునే రూము ఖాళీ చేసి ఇచ్చారు. కిటికీ లేదు, ఏసీ లేదు, అయినా 1,500 కే పట్టుబట్టి, చివరికి 1,100 తీసుకున్నారు. శ్రీకాకుళంలో రూము తీసుకునేవాళ్లు గ్రౌండ్ ఫ్లోరా అని ఒక్కటే అడగొద్దు, రోడ్డు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు అని అడగండి. గుమ్మం ఫొటో వాట్సాప్‌లో పంపమనండి.

అరసవల్లి పొద్దున్నే అయిపోయింది. ఆదివారం వెళ్లకండి, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

ఇక సర్వీస్ సెంటర్. బండి 23 వేల కిలోమీటర్ల మీద ఉంది, ఎలాగూ సర్వీసు దగ్గరపడింది. కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. బండి ఒక రౌండు తిప్పి వచ్చి ఇరవై నిమిషాల్లో కాగితం ప్రింటు తీశాడు. పన్నుతో కలిపి రేట్లు ఇవీ: ఇంజిన్ ఆయిల్ 410, గేర్ ఆయిల్ 70, ఎయిర్ ఫిల్టర్ 280, ప్లగ్ 110, డ్రైవ్ బెల్టు 720, రోలర్లు 330, క్లచ్ సెట్టు 1,480, ముందూ వెనకా బ్రేక్ షూలు 460, త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) క్లీనింగ్ 450, డీకార్బనైజింగ్ (ఇంజిన్ లోపలి మసి తీయడం) 650, టెఫ్లాన్ కోటింగ్ 850, లేబర్ 1,100. మొత్తం 6,910. సైడ్ వీల్స్ సంగతేంటి అంటే, "అవి కంపెనీవి కాదు సార్, మేం ముట్టుకోం" అన్నాడు.

మా బావమరిది చెవిలో, "బయటికి పద బావా, మెకానిక్కి ఇస్తే రెండు వేలలో తేల్చేస్తాడు" అని నస. మా ఆవిడ ఏమో, "కంపెనీ వాళ్లు చెప్పింది చేయించెయ్యండి, దారిలో ఆగిపోతే ఎవరు తోస్తారు" అని. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆ రెండు సగాలూ ఏవో తేల్చుకోడానికి అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను.

స్కూటరుకి మనం మార్చే గేర్లు ఉండవు. ఆ పనంతా బెల్టు, రోలర్లు, క్లచ్ కలిసి చేస్తాయి. ఎత్తుకునే ప్రతిసారీ క్లచ్ షూలు కాస్త జారి, అప్పుడు పట్టుకుంటాయి. మామూలు స్కూటరు కంటే నా బండి మీద ఇనుప ఫ్రేమూ రెండు చక్రాలూ ఎక్కువ. కాబట్టి అరగడం తొందరగానే ఉంటుంది. మా బండి పుస్తకంలో బెల్టు 24 వేల దగ్గర మార్చమని ఉంది. మామూలు బండి వాడు ఇంకో వెయ్యి రెండు వేలు లాగించినా పరవాలేదు, తెగితే తోసుకుంటూ పోతాడు, లేదా ఫ్రెండు కాలితో తన్నుకుంటూ తీసుకెళ్తాడు. నా బండిని అలా తన్నుకెళ్లడం కుదరదు, ఆటోలో పట్టదు. టాటా ఏస్ లాంటిది పిలవాలి. నరసన్నపేట నుంచి శ్రీకాకుళానికి ఎంతని అక్కడే ఒక డ్రైవర్ని అడిగితే 1,200 అన్నాడు, రాత్రైతే 1,500. 720 రూపాయల బెల్టు కోసం ఆ రిస్కు దండగ. ఈ ఒక్క పనికి కిలోమీటర్లు చూడను, డబ్బూ చూడను.

క్లచ్ సెట్టు మాత్రం కళ్లతో చూస్తేగానీ ఒప్పుకోనన్నాను. కస్టమర్లు లోపలికి రాకూడదట. అయితే ఇప్పిన ముక్క బయటికి తెండి అన్నాను. కౌంటర్ కుర్రాడికి ముఖం మాడింది. లోపల్నుంచి ఒక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ షూలు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. లైనింగు దండిగా ఉంది. పైన గాజులా మెరుస్తోందంతే. "సాండ్ పేపర్ పట్టిస్తే చాలండి, జర్కు బెల్టుదీ రోలర్లదీ" అని మెల్లగా చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. రోలర్లు చూపించమంటే చూపించాడు. గుండ్రంగా ఉండాల్సినవి ఒక పక్క చదునైపోయాయి. అవి మార్చాల్సినవే, వాదన లేదు.

డీకార్బనైజింగ్, టెఫ్లాన్, త్రాటిల్ బాడీ కొట్టేయించాను. ఇంజిన్ మీద ఏ కంప్లయింటూ లేకుండా, స్టార్టింగ్ బాగుండగా, ఊరికే ద్రావకం పోసి 650 తీసుకోవడం నాకు అర్థం కాదు. టెఫ్లాన్ అంటే పెయింటుకి మెరుపు. వర్షంలో ఎండలో ఆఫీసు బయట నిలబడే బండికి అదెందుకు? ముందు బ్రేక్ షూ ఇంకా ఉంది, వెనకది మాత్రమే మార్పించాను. ఎయిర్ ఫిల్టర్ గాలి కొట్టి పెట్టెయ్యమని బావమరిది సలహా. మా బండిలో ఆయిల్ పూసిన పేపర్ ఫిల్టర్, గాలి కొడితే పాడవుతుంది. కొత్తదే వేయించాను.

పనులు తగ్గాక లేబర్ 600 కి దిగింది. చివరి బిల్లు 2,750. ఎస్టిమేటు మీద 4,160 తగ్గింది. జర్కు పోయింది, బండి మెత్తగా ఎత్తుకుంటోంది. పని చేసినవాళ్ల మీద నాకు కంప్లయింటు లేదు. అక్కర్లేని మూడు నాలుగు పనులు అక్కరున్న పనుల మధ్య ఇరికించి ఒకే ప్రింటులో ఇవ్వడం మీదే నా కోపం. పక్కన ఒక పెద్దావిడ కొడుకు బండి తెచ్చి, చదవకుండానే సంతకం పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం శ్రీకూర్మం. కూర్మావతారానికి గుడి, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు, స్తంభాల మండపం, పడమటి వైపు చూసే స్వామి. మా ఆవిడ ముఖం అక్కడ విప్పారింది. శాలిహుండంలో బౌద్ధ స్తూపాలు కొండ మీద ఉన్నాయి, మెట్ల దారి. వాళ్లిద్దరూ ఎక్కారు, నేను కింద కూర్చుని దూరంగా వంశధారను చూశాను. సాయంత్రం కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర గాలి. బండి గొడవ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ముఖలింగం వెళ్తూ జలుమూరు రోడ్డెక్కాక కుడి సైడ్ వీల్ నుంచి గరగరమని చప్పుడు. సర్వీస్ సెంటర్లో అవి ముట్టుకోం అన్నారు గానీ, పంపుతో నీళ్లు కొట్టి బండంతా కడిగారు. నా అనుమానం అక్కడే. నరసన్నపేట వెనక్కి తిప్పాం. బావమరిదికి తేలినీలాపురం పోయి కొంగలూ గూడబాతులూ ఫొటోలు తీయాలని ఉంది. ఆ ప్రోగ్రాం ఎగిరిపోయిందని తెలిసి మాట్లాడటం మానేశాడు.

బజారు చివర వెల్డింగు షాపు పక్కన ఒక మెకానిక్. చక్రం ఊడదీసి బేరింగు వేలితో తిప్పి, "ఏటి బావూ, ఎవుడు కడిగినాడు దీన్ని? నీల్లే ఉన్నాయి, గ్రీజు నేదు" అన్నాడు. 6203 నంబరు బేరింగులు, చక్రానికి రెండు. బేరింగులు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. నాలుగు బేరింగులు 140 చొప్పున 560, గ్రీజు 60, కూలి 300. మొత్తం 920. ఫ్రేము బోల్టులన్నీ బిగించి, నేను అడక్కుండానే ఇంకో సంగతి చెప్పాడు. సైడ్ వీల్స్ మరీ కిందికి ఉన్నాయట. గతుకు రోడ్డులో బరువంతా అవే మోస్తే మధ్య చక్రానికి నేల అందక ఊరికే తిరుగుతుంది. ఇసుకలో నా బండి ఎందుకు దిగబడేదో అప్పుడు అర్థమైంది. కాస్త పైకి లేపి పెట్టాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

అలాగని బెల్టు పని ఆయనకి ఇచ్చేవాణ్ణి కాదు. మా ముందే ఇంకో స్కూటరు క్లచ్ నట్టుకి ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. ఆ నట్టు విప్పడానికి వేరే టూలుంది, అది లేకుండా ఇలా కొడితే నట్టూ దాని మరలూ పాడవ్వచ్చు. సైడ్ వీల్స్‌కి ఆయన, బెల్టూ క్లచ్‌లకి టూలున్న సర్వీస్ సెంటరు. ఇకనుంచి నా లెక్క ఇదే. సర్వీస్ సెంటర్లో పనులు రాసుకునే జాబ్ కార్డు మీద "వాటర్ వాష్ వద్దు" అని నా చేత్తో రాసి సంతకం పెడతాను.

బేరింగులు వేసేలోగా ఎదురుగా ఒక మెస్సులో తిన్నాం. ప్లేటు 120. తెలగపిండి కూర, నెత్తళ్ల పులుసు, గట్టి పెరుగు. బావమరిది రెండోసారి అన్నం పెట్టించుకున్నాక మాట్లాడటం మొదలెట్టాడు. ముఖలింగం చేరేసరికి పొద్దు వాలుతోంది. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లూ చూశాం. సోమేశ్వరాలయం గోడల మీద శిల్పాలకే గంట కావాలి, మాకు పావుగంట దొరికింది. పొద్దున్నే వెళ్లండి.

తిరుగు దారిలో పొందూరు. ఎస్టిమేటులో మిగిలిన 4,160 తనదేనని మా ఆవిడ వాదన. లాడ్జిలో 400 తగ్గించింది కూడా తనేనట. బేరింగుల 920 తీసెయ్యాలని నేనన్నాను, వినలేదు. వాలుగ చేప దవడతో దూది ఏకి, వడికి నేసే ఖాదీ అక్కడిది. చీర ఒకటి 3,650. దాని మీద బేరం లేదు, రేటు చీటీ కుట్టి ఉంది.