ఓఈటీ వెటర్నరీ రైటింగ్‌తో పద్నాలుగు నెలలు: ఏది పనికొచ్చింది, ఏది డబ్బు దండగ

ఓఈటీ అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. మొదటిసారి అందులో రైటింగ్‌లో 320 వచ్చింది. ఆస్ట్రేలియా రిజిస్ట్రేషన్ దారిలో నాకు కావలసింది బి గ్రేడ్, అంటే 350. రెండోసారి 370. ఈ రెండు అంకెల మధ్య ఒక కోచింగ్ సెంటరు, ఒక ఆన్‌లైన్ కరెక్షన్ ప్యాకేజీ, ఓఈటీ వాళ్ళ శాంపిల్ పేపర్లు, మా ఆసుపత్రి ఓపీ రిజిస్టరు ఉన్నాయి. పద్నాలుగు నెలలు అన్నీ వాడి చూశాను కాబట్టి రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఓఈటీలో లిజనింగ్, రీడింగ్ అన్ని వృత్తులకీ ఒకటే. రైటింగ్, స్పీకింగ్ మాత్రం ఎవరి వృత్తిది వాళ్ళకి. రైటింగ్‌కి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు వాళ్ళిచ్చే కేస్ నోట్స్ చదవడానికే, అప్పుడు పెన్ను ముట్టుకోకూడదు. మిగతా 40లో 180 నుంచి 200 మాటల లెటర్ రాయాలి. ఆ లెటర్ స్పెషలిస్టుకి కావచ్చు, జంతువు యజమానికి కావచ్చు.

కోచింగ్ సెంటరు పేరు చెప్పను. నలభై మంది బ్యాచ్‌లో ముప్ఫై తొమ్మిది మంది నర్సులు, నేనొక్కణ్ణి పశువుల డాక్టర్ని. ఇచ్చిన మోడల్ లెటర్లన్నీ డిశ్చార్జ్ లెటర్లే. "పేషెంట్ అన్నచోట డాగ్ అని మార్చుకోండి సార్, అంతే" అన్నారు. నేనూ మార్చుకున్నాను. హిప్ ఆపరేషన్ అయిన ముసలావిడ స్థానంలో పామరేనియన్ వచ్చి కూర్చుంది, వాకర్ మాత్రం అలాగే ఉండిపోయింది. గ్రామర్ క్లాసులు బాగానే చెప్పారు. "ఏ", "ద" అనే ఆర్టికల్స్ ఎక్కడ పెట్టాలో నాకు కాస్త పట్టుబడింది అక్కడే. మిగతా ఫీజు బూడిదలో పోసిన పన్నీరు.

నేను అసలు ఎక్కడ తప్పుతున్నానో చెప్పింది గన్నవరం వెటర్నరీ కాలేజీ సీనియర్ ఒకాయన. శాంపిల్‌లాంటి ఒక కేసు: నాలుగేళ్ళ లాబ్రడార్, వెనక కుడికాలు కుంటుతోంది, మోకాలి లిగమెంట్ తెగిందని అనుమానం, ఆర్థోపెడిక్ సర్జన్‌కి రిఫరల్. నా లెటర్ 261 మాటలు. టీకాలు, నట్టల మందు, రెండేళ్ళ కిందటి చెవి ఇన్ఫెక్షన్, అన్నీ వరుసగా. కాలు మూడో పేరాలో గానీ రాలేదు. ఆయన చదివి ఫోన్ చేశాడు: "ఏరా, ఆ సర్జన్ కోసేది చెవా, కాలా?"

"నోట్స్‌లో ఉంది కదన్నా, వదిలేస్తే మార్కులు పోతాయేమోనని."

"మరి నొప్పి మందుకి వాంతులయ్యాయని ఉందే, అదెందుకు వదిలేశావు? ఆపరేషన్ అయ్యాక వాళ్ళు ఇచ్చేది అలాంటి మందే కదా."

చూస్తే నిజమే. చెవి రాశాను, మందు వదిలేశాను. ఈ పరీక్షలో పర్పస్ అని విడిగా 3 మార్కులున్నాయి. ఎందుకు పంపుతున్నామో మొదట్లోనే తేలిపోవాలి. కంటెంట్, క్లుప్తత, స్టైల్, అమరిక, భాష, ఈ అయిదింటికీ తలా 7. మార్కుల కాగితం మీద మాత్రం ఇవేవీ విడివిడిగా కనపడవు, ఒక్క అంకె ఉంటుంది. అందుకే 320 చూసి ఇంగ్లీషు రాదనుకుని ఆర్నెల్లు గ్రామర్ పట్టుకుని వేలాడాను.

అసలు మనకి లెటర్ రాసే అలవాటే లేదు. పల్లెటూరి పశువైద్యశాలలో రిజిస్టర్లో "గేదె, పొదుగువాపు" అని రాసి, ఇంజెక్షన్ పేరు పక్కన పెడితే పని అయిపోతుంది. పెద్దాసుపత్రికి పంపాలంటే ఫోనే. అందుకని ఆ రిజిస్టరునే వాడుకున్నాను. రోజూ సాయంత్రం ఒక కేసు తీసి ఓఈటీ పద్ధతిలో కేస్ నోట్స్ చేసేవాణ్ణి, పనికిరాని లైన్లు కావాలనే కలిపి. కానీ మన నోట్స్ మనమే రాసుకుంటే ఏది చెత్తో ముందే తెలిసిపోతుంది. కాబట్టి ఒక బ్యాచ్‌మేట్‌తో వాట్సాప్‌లో మార్చుకునేవాళ్ళం. అరవై లెటర్ల దాకా రాశాను. పైసా ఖర్చు లేదు, అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

యజమానికి రాసే లెటర్లో నాకు తెలుగే సాయం చేసింది. హైపోకాల్సీమియా అని రైతుతో అనం కదా. "ఈనాక ఒంట్లో కాల్షియమంతా పాలలోకి పోయిందమ్మా, అందుకే లేవలేకపోతోంది, పాలజ్వరం అంటారు గానీ జ్వరం ఉండదు" అంటాం. ముందు అది మనసులో అనుకుని తర్వాత ఇంగ్లీషులో పెడితే లెటర్ దానంతట అదే కుదిరేది.

అదే తెలుగు ఒకచోట ముంచింది కూడా. "మిసెస్ కార్టర్ బ్రాట్ బెల్లా టు అవర్ క్లినిక్. షీ హాడ్ బీన్ వామిటింగ్ ఫర్ టూ డేస్" అని రాశాను. వాంతులు ఎవరికి? తెలుగులో ఆవిడ వేరు, అది వేరు, తికమక లేదు. ఇంగ్లీషులో ఆవిడా షీ, ఆడకుక్కా షీ. ఇట్ అని రాస్తే పెంచుకునేవాళ్ళకి పుల్లవిరుపుగా ఉంటుంది. కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిచోటా బెల్లా అని పేరే రాయడం నేర్చుకున్నాను. నర్సులకి ఈ బాధ లేదు, అందుకే కోచింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

కరెక్షన్ ప్యాకేజీ పది లెటర్లకి కొన్నాను. మొదటి నాలుగూ బాగా దిద్దారు. తర్వాత వచ్చినవాళ్ళు "స్పేడ్" (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్క అని అర్థం) అంటే పార అనుకుని ఎర్ర గీత పెట్టారు. కొనేవాళ్ళు ముందు ఒక్క లెటర్ పంపి చూడండి. ఓఈటీ వాళ్ళ సొంత శాంపిళ్ళు మంచివే, కానీ నాకు దొరికిన వెటర్నరీవి చాలా కొద్ది. వాటిని మొదటి వారంలోనే ఊదేయకుండా రెండైనా చివరికి దాచుకోండి.

ఇప్పుడు నా ముందున్నది ఆస్ట్రేలియా రిజిస్ట్రేషన్ దారిలో తర్వాతి మెట్టు, ఎమ్‌సీక్యూ (బహుళైచ్ఛిక ప్రశ్నల) పరీక్ష. కోచింగ్‌లో ఇచ్చిన నర్సుల లెటర్ల పుస్తకం మా చెల్లెలికి ఇచ్చేశాను. అది నర్సింగ్ ఓఈటీ రాస్తోంది, ముసలావిడా వాకరూ దానికి బాగానే పనికొస్తున్నాయట.