సుత్తితో తట్టి చూడకుండా రాసిన ఎస్టిమేటు: మా మండువా ఇంటి మరమ్మతు

అమలాపురానికి దగ్గరలోని మా ఊళ్లో తాతగారు 1938లో కట్టించిన మండువా లోగిలిని, అంటే నడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ లోపలికి వాలిన పెంకుల కప్పు ఉన్న ఇంటిని, ఈ ఏడాది సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి జూన్ నెలాఖరుకు బాగుచేయించాము. పాత ఇళ్ల మరమ్మతులను మొత్తంగా ఒప్పందానికి తీసుకునే ఒక సంస్థకు ఈ పని అప్పగించాము. వారితో లెక్కలు ఇంకా కొంత మిగిలి ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. చేసిన పని నాణ్యతకు, ఒక్క వంటగది విషయం మినహాయిస్తే, మంచి మార్కులే వేస్తాను. మొదటి ఎస్టిమేటుకు మాత్రం సున్నాయే.

ఇల్లు చూడడానికి వచ్చిన ఇంజనీరు గంటన్నరసేపు టేపుతో కొలతలు తీసుకుని, 1,400 చదరపు అడుగులకు అడుగుకు 600 రూపాయల చొప్పున 8,40,000 రూపాయలకు కాగితం రాసి ఇచ్చారు. ఆ గంటన్నరలో ఆయన ఒక్క గోడనైనా సుత్తితో తట్టి వినలేదు, ఒక్క దూలం కొసనైనా గుచ్చి చూడలేదు, నాలుగు పెంకులు తీయించి వాసాలు ఎలా ఉన్నాయో గమనించలేదు. కొత్త ఇంటికి అడుగు లెక్క చెల్లుతుందేమో గాని, ఎనభై ఏళ్లు దాటిన ఇంట్లో ఖర్చంతా పూతల వెనకే దాగి ఉంటుందని ఇదే వృత్తిలో ఉన్నవారికి తెలియదనుకోలేను.

మా ఇంటికి ఆ పూత 1996లో పడింది. ఆ ఏడాది నవంబరు 6న వచ్చిన తుపానుకు పెంకులు లేచిపోయి గోడలు నానిపోతే, నాన్నగారు గానుగ సున్నం గోడల మీద సిమెంటు పూయించి, దాని మీద ఆయిల్ పెయింటు వేయించారు. అప్పట్లో అదే గట్టి పని అనుకున్నారు. సున్నపు గోడ పీల్చుకున్న చెమ్మను తిరిగి గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు, ఆపైన ఆయిల్ పెయింటు ఉంటే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ గోడలోనే పైపైకి పాకుతూ తనతో తెచ్చిన ఉప్పును పూత వెనక వదిలిపెడుతుంది. పడమటి గదిలో పెచ్చు ఊడదీయగానే నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పేరుకుని కనిపించింది, ఇటుకలు గోటితో గీకితే పొడిగా రాలాయి.

ఇక్కడే సంస్థలోని మంచీ చెడూ రెండూ బయటపడ్డాయి. ఇది డెల్టా భూమి కాబట్టి ఊట నీరే గోడ ఎక్కుతోందని సూపర్‌వైజరు తేల్చేసి, గోడ అడుగున రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించడానికి 1,10,000 రూపాయలు అదనంగా అవుతాయన్నారు. అదే సంస్థ తెచ్చిన ముసలి తాపీమేస్త్రీ మాత్రం గది చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘ఆయ్, ఇది ఊట కాదండి బాబుగారూ, మనింటి నీరేనండి’ అన్నాడు. ఊట నీరైతే నాలుగు గోడలూ ఎంతో కొంత చెమర్చాలి గాని ఒక్క పడమటి గోడే ఎందుకు చెమరుస్తుందన్నది ఆయన ప్రశ్న. బిందెడు నీళ్లలో నీలిమందు కలిపి, మండువాలో పడ్డ వాననీరు బయటికి పోయే తూములో పోయించాడు. వీధి కాలువలోకి రావలసిన నీలం నీరు ఎంతసేపటికీ రాలేదు; మూడో బిందె పోశాక సన్నటి ధార ఒకటి వచ్చింది. పడమటి గది గచ్చు పగలగొట్టించి రెండడుగులు తవ్విస్తే, పెరట్లోని వేపచెట్టు వేరు దూరి మట్టి గొట్టాలు అతుకుల దగ్గర విడిపోయి ఉన్నాయి, చుట్టూ మట్టి నీలంగా ఉంది. నాలుగు వైపుల పెంకుల మీద పడ్డ వాననీరంతా ఎన్నేళ్లుగానో ఆ గోడ పునాదిలోకే పోతోందన్నమాట. రసాయనం ఎక్కించుకుని ఉంటే ఆ లక్షా పదివేలూ పోయేవి, నీరు మాత్రం అక్కడే ఉండేది.

దూలాల సంగతి వడ్రంగి బయటపెట్టాడు. పైకి ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతున్న టేకు దూలం గోడలోకి దూరే చోట ఆయన స్క్రూడ్రైవరు ఆనించగానే రంగు పొర అప్పడంలా విరిగి, అది పిడి వరకు దిగిపోయింది. చెమ్మా చెదలూ కలిసి కొసను లోపలి నుంచి తినేశాయి. అలాంటివి రెండు తేలాయి. దూలం మొత్తం మార్చకుండా, జాకీలు పెట్టి, పాడైన రెండున్నర అడుగులు కోసి, కొత్త టేకుతో ఏటవాలుగా అతికి బోల్టులు బిగించారు. చెక్కకు ఇటుక తగలకుండా కొస కింద రాతి పలక పెట్టారు. ఈ పనికి వంక పెట్టలేను.

వైరింగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: పాత తీగలు పైపు లేకుండా నేరుగా సిమెంటులో పూడ్చి ఉన్నాయి, ఎర్తు లేనే లేదు, అంతా కొత్తగా లాగవలసి వచ్చింది.

నాకు నిజంగా కోపం తెప్పించింది వంటగది. నేను హైదరాబాదులో ఉన్న వారంలో అక్కడి గోడ మీద పాకిన చెదల మట్టిగీతను చెదలమందు కొట్టక ముందే పుట్టీతో కప్పేసి, తెల్లగా మెరిసే గోడను ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. అమ్మ చూసి ఫోను చేయకపోతే అది అలాగే లోపల ఉండిపోయేది. గట్టిగా అడిగాక పుట్టీ గీకించి, గచ్చూ గోడా కలిసే చోట అడుగుకొక రంధ్రం వేసి మందు పోయించారు.

చివరి బిల్లు 12,75,000 రూపాయలు. అదనంగా పడిన 4,35,000లో సిమెంటు చెక్కి మళ్లీ సున్నం పూయడానికి 1,90,000, వైరింగుకు ఒక లక్ష, తూముకూ గచ్చుకూ 85,000, దూలాలకు 60,000 అయ్యాయి. ఇవేవీ అనవసరపు ఖర్చులు కావు. అయితే అదనపు పనులకు ధరలు ఒప్పందంలో లేవు. గోడ విప్పేసి, దూలం జాకీ మీద నిలబడ్డాక బేరమాడే స్థితిలో ఇంటివాళ్లెవరూ ఉండరు. సంతకానికి ముందే నాలుగు చోట్ల పెచ్చు తీయించి, దూలాల కొసలు గుచ్చి చూపించమని అడిగి, అందుకు పదివేలు విడిగా ఇచ్చినా నాకు లాభమే అయ్యేది. ఈ సంస్థను పిలిచేవారు ఆ మాట ముందే అడగాలి, తాపీ పనికి ఆ ముసలి మేస్త్రీనే పంపమని కూడా అడగాలి.

వానాకాలం గడిచే వరకు 50,000 రూపాయలు ఆపి ఉంచాను. పడమటి గోడకు దసరా దాకా వెల్ల తప్ప ఏ రంగూ వేయవద్దని మేస్త్రీ చెప్పి వెళ్లగా, రంగు వేసేసి లెక్క ముగిద్దామని సూపర్‌వైజరు వారానికోసారి ఫోను చేస్తున్నారు. జూలై వానల్లో తూము నీరు నేరుగా వీధి కాలువలోకే పోయింది. అయినా అమ్మ తన మంచాన్ని ఆ గోడకు జానెడు దూరంలోనే వేయించుకుంది.